జైతూన్‌బీ చిన్న చెంబు

గాజులమ్మే మనిషికి చేతులు మెత్తగా ఉండాలి, మాట చల్లగా ఉండాలి, కాళ్లు మాత్రం గట్టివై ఉండాలి. జైతూన్‌బీకి ఈ మూడూ ఉండేవి. సూళ్లూరుపేట మసీదు వీధిలో పొద్దున్నే గాజుల మలారం భుజాన వేసుకుని బయల్దేరిందంటే, పులికాట్ ఒడ్డు పల్లెలు తిరిగి దీపాల వేళకు ఇల్లు చేరేది. మలారమంటే రంగురంగుల గాజులను తాళ్లకు గుచ్చి కట్టిన గుత్తి. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ మోసేవాళ్లకే తెలుస్తుంది దాని బరువు. శ్రీహరికోటలో రాకెట్ల ఊసైనా లేని రోజులవి. ఆ పల్లెలకు బయటినుంచి పన్నులవాళ్లు వచ్చేవారు, అప్పులవాళ్లు వచ్చేవారు, జైతూన్‌బీ వచ్చేది. ముగ్గురిలో ఎవరికి ఎదురెళ్లి పిలిచేవారో వేరే చెప్పాలా.

పెనిమిటి దరియావలి బతికున్నప్పుడు మద్రాసు నుంచి రైల్లో సరుకు ఆయనే తెచ్చేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. ఆయన పోయిన నాడు తీసేసిన గాజులు ఆమె మళ్లీ వేసుకోలేదు. ఊరందరికీ గాజులు తొడిగే ఆ రెండు చేతులూ బోసిగానే ఉండేవి, దానికామె అలవాటు పడిపోయింది.

ఆ పల్లెల్లో ఒక నమ్మకం ఉండేది. గాజులామె నోరెండి వెళ్లిపోతే ఆ ఇంటి కడుపు ఎండుతుందని. అందుకని ఏ గడప దగ్గర కూర్చున్నా ముందు తాగడానికి ఏదో ఒకటి ఇచ్చేవారు. ఒక ఇంట్లో మజ్జిగ, ఒక ఇంట్లో గంజి, పేదవాళ్లయితే కుండలో చల్లటి నీళ్లు. పాళెంలో వెంకటశేషమ్మ ఇంట్లోనైతే అరుగు మీద గూట్లో జైతూన్‌బీ కోసమని ఒక కంచు గ్లాసు ప్రత్యేకంగా ఉండేది. లోపలి గ్లాసు తురకామెకు ఇవ్వకూడదు, అలాగని దోసిట్లో పోయడానికి వెంకటశేషమ్మకు మనసొప్పదు. ఆ రెంటికీ మధ్య పుట్టింది ఆ గ్లాసు. దాన్ని చూసి బాధపడాలో సంతోషపడాలో జైతూన్‌బీ ఎప్పుడూ తేల్చుకోలేదు, సంతోషంగానే తాగేది. ఇద్దరూ గాజుల పని అయిపోయాక కూడా చాలాసేపు కబుర్లు చెప్పుకునేవారు. ఇంట్లో ఎవరూ లేని జైతూన్‌బీకి ఆ అరుగే పుట్టిల్లు.

పందొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం వానలప్పుడు ఆమె కాళ్లు ఉబ్బడం మొదలైంది. ముందు నడక వల్లననుకుంది. తర్వాత పొద్దున లేచేసరికి కళ్ల కింద సంచులు కట్టాయి, వేలితో నొక్కితే పాదం మీద గుంట పడి అలాగే ఉండిపోయేది. పక్కింటి రహీమున్నీసా పోరు పెట్టగా పెట్టగా నెల్లూరు వెళ్లి జయరామయ్య డాక్టరుకు చూపించుకుంది.

మూత్రపిండాలు చెడిపోతున్నాయని ఆయన చెప్పాడు. తాగిన నీళ్లు బయటికి పోయే దారి సన్నబడిందనీ, అవి ఒంట్లోనే నిలవపడతాయనీ, గుండె దాకా వస్తే ఊపిరాడదనీ ఆమెకు అర్థమయ్యేలా విడమరిచాడు. ఇక మీదట రోజుకు చిన్న చెంబెడే. టీ అయినా గంజి అయినా చారు అయినా అన్నీ ఆ చెంబు లెక్కలోనే. ఉప్పు మానేయాలి, ఎందుకంటే ఉప్పు తింటే దాహమేస్తుంది, దాహమేస్తే తాగుతారు. నయమయ్యే మందు లేదా అని ఆమె అడిగింది. ఆయన, ఇతర దేశాల్లో నెత్తురు బయటికి తీసి, కడిగి, మళ్లీ ఎక్కించే మిషను ఒకటి వచ్చిందంటున్నారనీ, అది మన పేదవాళ్ల దాకా ఎప్పుడొస్తుందో తనకు తెలియదనీ అన్నాడు. గుడ్డలుతికినట్టు నెత్తురు కూడా ఉతుకుతారా అని జైతూన్‌బీ నవ్వింది. ఆయన నవ్వలేదు.

చెప్పడం తేలికే. ఎర్రటి ఎండలో ఉప్పుగాలిలో పల్లె పల్లె నడిచే మనిషిని చిన్న చెంబెడు నీళ్లతో రోజు గడపమని ఫ్యాను కింద కూర్చుని ఎవరైనా చెప్పగలరు. కానీ ఆయన తప్పేముంది, ఉన్న మాట చెప్పాడు.

జైతూన్‌బీ మాత్రం మొండి మనిషి. దరియావలి టీ తాగే సత్తు చెంబు ఒకటి ఉంటే దాన్ని కొలతగా పెట్టుకుంది. పొద్దున్నే కాళంగి ఏటి ఇసుకలో చెలమ తోడి, బిందెడు తియ్యటి నీళ్లు తెచ్చి కుండలో పోసేది. అందులోంచి చిన్న చెంబు నింపుకుని మూత పెట్టేది. ఆ రోజుకు అంతే. రహీమున్నీసా ఒక గుక్కెడు టీ ఇస్తే, తాగి, ఇంటికొచ్చి చెంబులోంచి అన్ని నీళ్లు పెరట్లో వేపమొక్క మొదట్లో ఒంపేసేది. దారిలో నోరెండిపోతే ఉప్పు కలపని ఎండు ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకునేది. మరీ తట్టుకోలేకపోతే నీళ్లు పుక్కిలించి ఊసేసేది. గొంతు దాకా వచ్చిన తియ్యటి నీళ్లను ఊసెయ్యడమంటే ఏమిటో ఊసినవాళ్లకే తెలుస్తుంది. చేపలు ఎండే తీరంలో ఉండి ఎండుచేప ముట్టకుండా, చప్పటి కూడు తిని బతికింది.

ఇంకొక పని కూడా చేసేది, ఎవరికీ తెలియకుండా. పొద్దున్నే తలుపు గడియ పెట్టి, మలారంలోంచి తన పాత కొలత నల్లగాజు ఒకటి తీసి చేతికి ఎక్కించుకునేది. గాజు సులువుగా మణికట్టు దాకా జారితే ఆ రోజు చెంబు నిండా తాగొచ్చు. వేళ్ల కణుపుల దగ్గర పట్టేస్తే ఒంట్లో నీరు పెరిగిందన్నమాట, సగం చెంబే. మంది చేతుల కొలతలు కంటిచూపుతో చెప్పే మనిషికి తన చేతి కొలత తెలుసుకోవడం ఒక లెక్కా. కానీ మొగుడు పోయిన ఆడది తలుపేసుకుని గాజు తొడుక్కుంటుందని తెలిస్తే వీధి ఏమంటుందో ఆమెకు తెలుసు. వెంటనే తీసి తాడుకు గుచ్చేసేది. ఆ ఒక్క క్షణం బోసిచెయ్యి బోసిగా లేకపోవడం ఆమెకు బాగుండేది, తనలో తనే సిగ్గుపడేది కూడా.

రోగం సంగతి ఎక్కడా చెప్పలేదు. చెప్తే ఎలా? గాజులు మంగళకరమైనవి. ఉబ్బురోగం ఉన్న చెయ్యి పట్టుకుని గాజులు తొడుగుతానంటే చెయ్యి చాపే ఇల్లాలెవరు? పైగా ముంతాజ్ బేగం అని నాయుడుపేట గాజులామె ఒకతి ఈ పల్లెల వైపు తొంగిచూస్తూనే ఉంది. అందుకని మజ్జిగ ఇవ్వబోయినప్పుడల్లా జైతూన్‌బీ రోజా అని చెప్పేది. ఉపవాసమంటే ఆ ఇళ్లల్లో గౌరవం, బలవంతపెట్టేవారు కాదు. అల్లా పేరు మీద అబద్ధమాడుతున్నందుకు నమాజులో క్షమించమని అడిగేది, మర్నాడు మళ్లీ అదే అబద్ధం ఆడేది.

మిగిలిన ఇళ్లల్లో చెల్లింది కానీ వెంకటశేషమ్మ దగ్గర చెల్లలేదు.

"ఏమే జైతూనూ, మీ పండక్కి సేమ్యా పొట్లం తెచ్చిచ్చింది నువ్వే కదే. రంజాను పోయి నెల దాటిపాయ. మళ్లీ ఏం రోజా?"

జైతూన్‌బీ నీళ్లు నమిలింది. పాపం, అవొక్కటీ ఎన్నైనా నమలొచ్చు, డాక్టరు అడ్డు చెప్పలేదు.

వెంకటశేషమ్మ మొహం మాడిపోయింది. ఆమె చూపు అరుగు మీదికి పోయింది. ఎందుకు పోయిందో జైతూన్‌బీకి వెంటనే తెలిసింది. ఆ ఇంటికి కొత్త కోడలు పిచ్చమ్మ వచ్చి అప్పటికి కొన్ని నెలలైంది. పట్టింపులున్న ఇంటినుంచి వచ్చిన పిల్ల. ఒకసారి జైతూన్‌బీ లేచి వీధి మలుపు తిరుగుతూ వెనక్కి చూస్తే, ఆ పిల్ల ఆమె కూర్చున్న చోట నీళ్లు చల్లి కడుగుతూ కనిపించింది. అలాంటివి జైతూన్‌బీ చాలా ఇళ్లల్లో చూసింది. చురుక్కుమంది, తర్వాత మర్చిపోయింది. అయితే ఆమె చూడటం వెంకటశేషమ్మ చూసింది. ఆ తర్వాత కొద్ది రోజులకే రోజాల కథ మొదలైంది. ఇంకేముంది, రెంటికీ ముడిపడింది.

"మా ఇంట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని ఒట్టు పెట్టుకున్నావు కదూ," అంది వెంకటశేషమ్మ మెల్లగా.

కాదని చెప్పడానికి జైతూన్‌బీ నోరు తెరిచింది. కాదంటే మరి ఎందుకు తాగవని అడుగుతుంది. చెప్తే రోగం బయటపడుతుంది. తెరిచిన నోరు మూసుకుని, తల దించుకుని, గాజుల తాళ్లు సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆ మౌనాన్ని ఎదుటివాళ్లు ఎలా అర్థం చేసుకుంటారో తెలిసే చేసింది ఆ పని. వెంకటశేషమ్మ ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆ ఇంటికి వెళ్తే గాజుల పని గాజుల పనే. కబుర్లు లేవు. కూతుళ్ల సంగతి, కోడలి సంగతి, దూడ సంగతి, ఏదీ చెప్పేది కాదు వెంకటశేషమ్మ. గూట్లో కంచు గ్లాసు మాత్రం అలాగే ఉండేది, దుమ్ము పట్టి. వెళ్లిన ప్రతిసారీ జైతూన్‌బీ చూపు దాని మీదికే పోయేది. దాహం సంగతి అలా ఉంచి, పలకరింపు లేక ఆమె ప్రాణం ఉసూరుమనేది. ఇంటికొచ్చి మూత తీసి చెంబులో మిగిలిన గుక్క తాగుతుంటే, తాను తాగకపోవడం ఒక ఇల్లాలికి ఇంత కష్టం కలిగించిందే అని ఏడుపొచ్చేది. ఏడిస్తే ఒంట్లో నీళ్లు తగ్గుతాయేమోనని ఒకసారి అనుకుని, ఆ ఏడుపులోనే నవ్వుకుంది కూడా.

అరవై అయిదో సంవత్సరం ఎండాకాలం పిచ్చమ్మకు సీమంతం పెట్టారు. కబురు వచ్చింది, గాజులు జైతూన్‌బీయే తొడగాలని. వెంకటశేషమ్మ కూతుళ్లకు తొడిగిన చెయ్యి, కోడలికి ఇంకొకరిని ఎలా పిలుస్తుంది. ఆ పొద్దున నల్లగాజు కణుపుల దగ్గరే ఆగిపోయింది. సగం చెంబుతో సరిపెట్టుకుందామనుకుని బయల్దేరింది జైతూన్‌బీ. పిలిచారన్న సంతోషంలో ఆ సంగతి పెద్దగా పట్టించుకోలేదు.

అరుగు నిండా ఆడవాళ్లు. పిచ్చమ్మ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, వేళ్లు దగ్గరికి నొక్కి, ఒక్కో పచ్చగాజూ నొప్పి తెలియకుండా ఎక్కించింది. ఆ పిల్ల చేతులు చల్లగా ఉన్నాయి. రెండు చేతులూ నిండాక దీవించి లేవబోతుంటే వెంకటశేషమ్మ అడ్డం వచ్చి నిలబడింది. ఆమె చేతిలో ఆ కంచు గ్లాసు చింతపండుతో తోమి తళతళలాడుతోంది. వెనకాల పెద్ద చెంబుతో మజ్జిగ.

"పిల్ల తెలియక చేసింది. దాని చేత్తోనే పోయిస్తుండా," అంది, అందరూ వింటుండగా. "నీ కడుపులో ఏమీ లేకపోతే తాగి పో జైతూనూ. నోరెండి పోబాకు."

అందరూ జైతూన్‌బీ వైపు చూశారు. పిచ్చమ్మ కళ్లల్లో భయం, తన కడుపులో బిడ్డకు ఈమె ఉసురు తగులుతుందేమోనని. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. తాగనంటే చూలాలిని శపించినట్టు. రోగమని చెప్తే ఇప్పుడే తొడిగిన గాజులన్నీ అపశకునమని అక్కడికక్కడే పగలగొట్టిస్తారు. జైతూన్‌బీ మళ్లీ కూర్చుని గ్లాసు చాపింది.

పిచ్చమ్మ పోసింది. అల్లం, కరివేపాకు, పచ్చిమిరపకాయ దంచి వేసిన మజ్జిగ. ఉప్పు సరిగ్గా పడింది. సంవత్సరం పైగా ఉప్పు మరిచిన నాలుకకు ఆ ఉప్పు తగలగానే ఆమెకు ఒళ్లు ఝల్లుమంది. గ్లాసు ఖాళీ అయింది. పిచ్చమ్మ మళ్లీ పోసింది, మళ్లీ ఖాళీ అయింది. ఎవరూ బలవంతపెట్టకుండానే జైతూన్‌బీ మళ్లీ గ్లాసు చాపింది. చెంబు అడుగు దాకా తాగింది, కళ్లు మూసుకుని, దూడ తల్లి దగ్గర తాగినట్టు. వెంకటశేషమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ, చూశారా దానికి కోపం లేదు అని అందరికీ చెప్పుకుంది.

బస్సులో సగం దారి వచ్చేసరికి ఊపిరి బరువైంది. సూళ్లూరుపేటలో దిగి ఇంటి గడప దాకా ఎలా వచ్చిందో ఆమెకే గుర్తులేదు. రహీమున్నీసా చూసి, బండి కట్టించి స్టేషనుకు చేర్చి, దొరికిన రైల్లో నెల్లూరు తీసుకుపోయింది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. జయరామయ్య డాక్టరు సూదులు వేసి బతికించాడు. ఇక నడకలు కుదరవనీ, ఇల్లు కదలవద్దనీ చెప్పి పంపించాడు.

మలారం గోడకు తగిలించి ఉంది. రోజులు గడిచాయి. పల్లెల నుంచి ఒక్క మనిషీ రాలేదు. ఇన్నేళ్లు అందరికీ తలలో నాలుకలా మెలిగింది, ఆ నాలుక కనిపించడం లేదని ఒక్క తలకూ తోచలేదు. గాజులు ముంతాజ్ బేగం తొడుగుతోందని తెలిసింది. అందులో తప్పేముంది అనుకుంది జైతూన్‌బీ, చేతులు బోసిగా పెట్టుకుని ఎదురుచూడరు కదా. రహీమున్నీసా పొద్దున బిందెడు నీళ్లు తెచ్చి పోసి తన సంసారంలోకి వెళ్లిపోయేది. ఇక సాయంత్రం దాకా జైతూన్‌బీ, ఎదురుగా మూత పెట్టిన చిన్న చెంబు. ఒక్కోసారి మూత తీసి, తాగకుండా, నీళ్లను చూసి మళ్లీ మూత పెట్టేది. మాట్లాడ్డానికి మనిషి లేని ఇంట్లో నోరు ఇంకా తొందరగా ఎండుతుంది.

తొలి వానలు పడకముందు, మంచి ఎండలో, గుమ్మంలో వెంకటశేషమ్మ కనిపించింది. ఒక చేతిలో గుడ్డ కట్టిన ముంత, మొహమంతా చెమట. పిచ్చమ్మకు మగపిల్లాడు పుట్టాడని చెప్పడానికి వచ్చింది. జైతూన్‌బీ గోడ పట్టుకుని లేచి చాప వేసింది. హిందువులు ఎవరైనా వస్తే అంగడి నుంచి గోలీసోడా తెప్పించడం ఆ వీధి మర్యాద, ఆమె రహీమున్నీసాను కేకేయబోయింది.

"సోడా వద్దులే. ఆ కుండలోవి పోయి," అంది వెంకటశేషమ్మ. "నువ్వు మా ఇంట తాగినావు. నేను నీ ఇంట తాగితే ఏమైపోతాది?"

జైతూన్‌బీ కుండ మూత తీసింది. గ్లాసు నిండా పోసి ఇచ్చింది. వెంకటశేషమ్మ ఎత్తిపట్టి గటగటా తాగింది. ఆమె గొంతు కదులుతుంటే జైతూన్‌బీ గొంతు కూడా ఊరికే కదిలింది. తాగి, మూతి తుడుచుకుని, ముంత మీద గుడ్డ విప్పింది వెంకటశేషమ్మ. అందులో మజ్జిగ. ఆ రోజు అంత ఇష్టంగా తాగావని, ఎండలో పడి మోసుకొచ్చానని, ఇప్పుడు నీ వంతు అని సంబరంగా ముంత జరిపింది.

అల్లం వాసన ఇల్లంతా కమ్మింది. జైతూన్‌బీ కాసేపు ముంత వైపు చూసింది. తర్వాత మలారంలోంచి నల్లగాజు తీసి, వెంకటశేషమ్మ కళ్లెదుటే చేతికి ఎక్కించుకోబోయింది. అది కణుపులు దాటలేదు. అప్పుడు చెప్పింది, మొదటినుంచీ, చెంబు సంగతీ రోజాల సంగతీ, సీమంతం నాటి బస్సు సంగతీ.

వెంకటశేషమ్మ ముంత వెనక్కి లాక్కుంది. "ఒట్టు పెట్టుకున్నావని నేనంటే, కాదక్కా అని ఒక్క మాట చెప్పలేకపోయినావే."

"కోపమొచ్చిన గాజులామెనైతే పిలుస్తారు," అంది జైతూన్‌బీ. "రోగమొచ్చిన గాజులామెను ఎవురు పిలుస్తారక్కా?"

పిలుస్తామని వెంకటశేషమ్మ అనలేదు. అబద్ధమాడే అలవాటు ఆమెకు లేదు. తన చేతుల గాజుల వైపు చూసుకుని, చేతులారా చంపబోయానే అని ఏడ్చింది.

"ఏడవబాకు. మొదటి గ్లాసు నీ కోసం తాగినా. కడమవన్నీ నా కోసమే తాగినా. అంత బాగా నేనెప్పుడూ తాగలే."

వెంకటశేషమ్మ లేచి, ముంతకు మళ్లీ గుడ్డ కట్టి, తీసుకుపోయి రహీమున్నీసా గడపలో పెట్టి వచ్చింది, కంటికి కనపడకుండా. తర్వాత వచ్చి జైతూన్‌బీ పక్కనే కూర్చుంది. దూడ సంగతి చెప్పింది, మనవడి ముక్కు ఎవరి పోలికో చెప్పింది, కూతుళ్ల సంగతులు ఏడాదివి ఒక్కసారిగా చెప్పింది. బస్సు వేళ దాకా తాగడమనే మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఇన్నేళ్లలో తనను ఎవరూ ఇంత బాగా చూసుకోలేదనిపించింది జైతూన్‌బీకి.

గుమ్మం దగ్గర ఆగి, పెద్దింటి ఇల్లాలు కాబట్టి, వెంకటశేషమ్మ అడిగింది. "మళ్లీ వచ్చేటప్పుడు ఏం తెచ్చేదే నీకు? అది తినబాకు, ఇది తాగబాకు అంటివే."

"ఏమీ తేబాకక్కా," అంది జైతూన్‌బీ. "ఊరికే రా."

కోతలయ్యాక వెంకటశేషమ్మ మళ్లీ వచ్చింది. రోగిని చూడ్డానికి వచ్చేవాళ్లు రెండు పండ్లైనా పట్టుకురావాలని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అంత భూమీ పాడీ ఉన్న మనిషి చేతులూపుకుంటూ వచ్చిందని రహీమున్నీసా వీధంతా చెప్పుకుని ముక్కున వేలేసుకుంది. జైతూన్‌బీ చాప వేసి, కుండలోంచి గ్లాసు ముంచి వెంకటశేషమ్మ చేతికిచ్చింది.